ఆ ఇరవై లక్షల కోట్లు మన ఊరిదాకా ఎలా వచ్చాయి?

బీపీ మాత్రల కోసం ఓపీ హాల్లో కూర్చున్న ఒక పెద్దమ్మ ఈ మధ్య నన్ను ఆపి ఒక మాట అడిగారు. "సారూ, కరోనా వచ్చినప్పుడు టీవీల ఇరవై లక్షల కోట్లని చెప్పిన్రు గద. మా ఇంటికి బియ్యం వచ్చినయ్, మూడుసార్లు అయిదు నూర్లు పడ్డయ్. మిగిలిన పైసలు యాడికి పోయినయ్?"

నేను డాక్టరును కాను. ఆసుపత్రి లెక్కల గదిలో పనిచేసేవాణ్ణి. కాబట్టి ప్రశ్న సరైన మనిషి దగ్గరికే వచ్చింది. కానీ ఆమె టోకెన్ నంబరు పిలిచేలోగా చెప్పేంత చిన్న జవాబు కాదు. అందుకే ఈ సంచికలో రాస్తున్నాను. ఆరోగ్య పత్రికలో డబ్బు లెక్కలేమిటని అనుకోవద్దు. మీరు వేయించుకున్న టీకా, పెద్దాసుపత్రిలో పెట్టిన ఆక్సిజన్, ఇంటింటికీ తిరిగిన ఆశమ్మకు అందిన నాలుగు రూపాయలు, అన్నీ ఈ లెక్కల దారిలోనే వచ్చాయి.

విమానాలు ఆగిన రోజులు

2008 మార్చిలో మన శంషాబాద్‌కు విమానాశ్రయం వచ్చింది. అప్పటినుంచి ఈ చుట్టుపక్కల ఊళ్ల బతుకు దానితో ముడిపడిపోయింది. క్యాబ్ నడిపేవాళ్లు, కార్గోలో సామాను మోసేవాళ్లు, హోటళ్లలో గదులు ఊడ్చేవాళ్లు, రోడ్డు పక్కన చాయ్ బండి పెట్టుకున్నవాళ్లు మన సంఘ కుటుంబాల్లోనే ఎందరో ఉన్నారు. 2020 మార్చి 25 నుంచి రెండు నెలలపాటు, అంటే మే 25న మళ్లీ మొదలయ్యేదాకా, దేశంలో మామూలు ప్రయాణికుల విమానాలు ఎగరలేదు. రాత్రిపూట కూడా ఆగని ఆ చప్పుడు ఆగిపోతే చంటిపిల్లలు కూడా ఉలిక్కిపడి లేచారని ఒక తల్లి చెప్పింది. నిజమో కాదో గానీ, ఆ నిశ్శబ్దం మనందరికీ గుర్తుంది.

ఇంటి ఆదాయం ఆగినట్టే రాష్ట్ర ప్రభుత్వానికీ ఆగింది. పెట్రోలు అమ్మకం, భూముల రిజిస్ట్రేషన్లు, మద్యం, దుకాణాల్లో సరుకు మీద వచ్చే జీఎస్టీ, ఇవే రాష్ట్రానికి ముఖ్యమైన రాబడులు. అన్నీ ఒక్కసారే పడిపోయాయి. వైన్ షాపులు మే 6 దాకా తెరవలేదు. (ఆరోగ్యం దృష్ట్యా అవి మూతపడితే సంతోషించేవాళ్లలో నేనూ ఒకణ్ణి. అయినా ఖజానా లెక్కలో అది పెద్ద పద్దని ఒప్పుకోక తప్పదు.)

ఇక్కడ ఒక సంగతి తెలుసుకోవాలి. రాజ్యాంగం ప్రకారం ప్రజారోగ్యం, పారిశుధ్యం, ఆసుపత్రులు రాష్ట్రాల బాధ్యత. గాంధీ ఆసుపత్రిలో పడకలు, నర్సుల జీతాలు, మాస్కులు, పరీక్షలు, అన్నీ ముందు రాష్ట్రం మీద పడతాయి. ఆదాయపు పన్ను లాంటి పెద్ద పన్నులు వసూలు చేసేది మాత్రం కేంద్రం. కష్టకాలంలో నోట్లు అచ్చువేయించే వీలు రాష్ట్రానికి లేదు. ఎంత అప్పు తేవాలన్నా కేంద్రం అనుమతి కావాలి. ఖర్చు ఒకరిది, తాళం చెవి ఇంకొకరి దగ్గర.

ఆ దెబ్బ వెంటనే మన ఇళ్లకు తగిలింది. 2020 మార్చి చివరలో తెలంగాణ ప్రభుత్వం ఉద్యోగుల జీతంలో సగం, ప్రజాప్రతినిధుల జీతంలో 75 శాతం, చిన్న ఉద్యోగులకు పది శాతం వాయిదా వేసింది. రిటైరైన ఉపాధ్యాయులకు, ఇతర పింఛనుదారులకు కూడా మొదట సగమే వచ్చింది. ఆ బకాయిలు అదే ఏడాది చివర నుంచి వాయిదాల్లో తిరిగి ఇచ్చారు, అది నిజం. కానీ షుగరు మందులు వాయిదా వేసుకోవడానికి వీల్లేదు గదా. మా మందుల కౌంటరులో పది రోజుల మందులు మాత్రమే కట్టించుకొని వెళ్లిన పెద్దలను ఆ నెలల్లో చూశాము.

చేతికి అందినవి

పెద్దమ్మ చెప్పిన బియ్యం, అయిదు నూర్ల సంగతి ముందు చూద్దాం. జన్‌ధన్ ఖాతా ఉన్న మహిళలకు 2020 ఏప్రిల్, మే, జూన్ నెలల్లో 500 రూపాయల చొప్పున కేంద్రం నేరుగా వేసింది. రేషన్ మీద మనిషికి అయిదు కిలోల ఉచిత బియ్యం కూడా కేంద్రమే ఇచ్చింది. ఆ పథకం మధ్యలో కొన్ని నెలలు ఆగినా 2022 డిసెంబరు దాకా నడిచింది. తెల్ల కార్డు ఉన్న ఇంటికి 1,500 రూపాయలు, మొదటి నెలల్లో మనిషికి 12 కిలోల బియ్యం అన్నది రాష్ట్రం ప్రకటించిన సాయం. ఆ 12 కిలోల్లోనే కేంద్రం అయిదు కిలోలు కలిసి ఉన్నాయి.

రేషన్ షాపు ముందు నిలబడ్డవారికి తెలియని తేడా ఇంకొకటి ఉంది. తెలంగాణలో రేషన్ అందుకొనేవారు సుమారు 2 కోట్ల 80 లక్షల మంది. ఆహార భద్రతా చట్టం కింద కేంద్రం లెక్కలోకి తీసుకొనేది మాత్రం దాదాపు 1 కోటి 91 లక్షల మందినే. మిగిలినవారి బియ్యం భారం రాష్ట్రానిదే. కార్డు చూడడానికి ఒకటే, బస్తా ఒకటే, డీలరు ఒకరే. వెనక డబ్బు మాత్రం రెండు చోట్ల నుంచి వచ్చింది.

నా అభిప్రాయం చెప్పాలంటే, మొత్తం సాయంలో అన్నిటికన్నా నమ్మకంగా ఇంటిదాకా చేరింది ఈ బియ్యమే. గోడౌను నుంచి షాపు దాకా దారి ముందే ఉంది. వేలిముద్ర వేస్తే చాలు. ఇబ్బంది పడింది కార్డు లేనివాళ్లు. విమానాశ్రయం చుట్టూ కట్టడాల్లో పనికి వచ్చిన బీహారు, జార్ఖండ్, ఒడిశా కూలీలకు ఇక్కడి కార్డు ఉండదు. వారికి మనిషికి 12 కిలోల బియ్యం గానీ పిండి గానీ, 500 రూపాయలు ఇస్తామని రాష్ట్రం ప్రకటించింది. అయినా చాలామంది ఉండలేకపోయారు. దేశంలో వలస కూలీల కోసం మొదటి ప్రత్యేక రైలు కదిలింది మన లింగంపల్లి నుంచే. 2020 మే 1న అది జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లింది.

ఒకే టీకా, మూడు ధరలు

2021 జనవరి 12న పుణె నుంచి కోవిషీల్డ్ పెట్టెలు విమానంలో శంషాబాద్‌లో దిగి, అక్కడినుంచి కోఠిలోని శీతల గిడ్డంగికి వెళ్లాయి. జనవరి 16న టీకాలు మొదలయ్యాయి. ముందు ఆరోగ్య సిబ్బందికి, మార్చి 1 నుంచి 60 ఏళ్లు దాటినవారికి. ప్రైవేటు ఆసుపత్రుల్లో అప్పుడు డోసుకు 250 రూపాయలు తీసుకొనేవారని మీకు గుర్తుండే ఉంటుంది. అందులో 150 టీకా ఖరీదు, 100 సేవా రుసుము. ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. ఆ టీకా మొత్తం కేంద్రమే కొని రాష్ట్రాలకు ఇచ్చేది.

రెండో అల విజృంభించిన సమయంలో, 2021 మే 1 నుంచి పద్ధతి మారింది. తయారైన టీకాలో సగం కేంద్రానికి, మిగిలిన సగం రాష్ట్రాలు, ప్రైవేటు ఆసుపత్రులు కొనుక్కోవాలన్నారు. కేంద్రానికి డోసు 150 రూపాయలు. రాష్ట్రానికైతే కోవిషీల్డ్ 300, కోవాగ్జిన్ 400. ప్రైవేటు ఆసుపత్రికి 600, 1,200. కోవాగ్జిన్ తయారయ్యేది ఎక్కడో కాదు, మన హైదరాబాద్ శివార్లలోని జీనోమ్ వ్యాలీలోనే. నగరానికి ఆ చివర తయారైన సీసాను ఈ చివరకు తేవడానికి మన రాష్ట్రం కేంద్రం కన్నా రెండున్నర రెట్లకు పైగా చెల్లించాలన్నమాట. ఆదాయం పడిపోయిన సంవత్సరంలో.

అందరికీ ఉచితంగా టీకా వేస్తామని, దానికి 2,500 కోట్లకు పైగా అవుతుందని తెలంగాణ ప్రభుత్వం ఏప్రిల్‌లోనే చెప్పింది. కానీ డబ్బు ఉన్నా సరుకు దొరకలేదు. కోటి డోసుల కోసం ప్రపంచవ్యాప్తంగా టెండరు పిలిస్తే ఒక్క కంపెనీ కూడా ముందుకు రాలేదు. విదేశీ కంపెనీలు రాష్ట్రాలతో కాదు, దేశంతోనే మాట్లాడతామన్నాయి. మే నెలలో మొదటి డోసులు ఆపి, రెండో డోసువారికే వేసిన రోజులున్నాయి. "ఇంకా ఎన్ని రోజులు?" అని గేటు దగ్గర అడిగినవారికి చెప్పడానికి ఎవరి దగ్గరా తేదీ లేదు.

జూన్ 7న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ గారు ఆ పద్ధతిని మార్చారు. 75 శాతం టీకా కేంద్రమే కొని రాష్ట్రాలకు ఉచితంగా ఇస్తుందన్నారు. జూన్ 21 నుంచి అది అమలైంది. ఆ ఏడాది కేంద్ర బడ్జెట్‌లో టీకాల కోసం 35,000 కోట్లు ముందే పెట్టి ఉన్నారు. నా దృష్టిలో రాష్ట్రానికి అందిన అసలైన సాయాల్లో ఇది ముఖ్యమైనది. అది మే ఒకటిన ఆగకుండా ఉండవలసింది.

సాయమా, అప్పా?

ఇప్పుడు కాస్త కష్టమైన భాగం. ఓపికగా చదవండి.

2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు రాష్ట్రాలు తమ పన్నులు చాలావాటిని వదులుకున్నాయి. దానికి బదులుగా కేంద్రం చట్టంలోనే ఒక మాట ఇచ్చింది. అయిదేళ్లపాటు మీ ఆదాయం ఏటా 14 శాతం పెరిగినట్టు లెక్కగట్టి, తగ్గినంత మేము పూడుస్తామని. ఆ పూడ్చే డబ్బు కార్లు, సిగరెట్లు, బొగ్గు, కూల్ డ్రింకుల మీద వేసే సెస్సు నుంచి రావాలి. కరోనా వచ్చి కార్లూ అమ్ముడుపోక, సెస్సూ రాక, ఆ గల్లా ఖాళీ అయింది.

2020 ఆగస్టు 27న జీఎస్టీ మండలి సమావేశం తర్వాత ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారు ఇది దైవ ఘటన అన్న అర్థంలో మాట్లాడారు. ఇన్సూరెన్స్ కాగితాల్లో చిన్న అక్షరాల్లో కనిపించే మాట అది. లోటు మొత్తం 2 లక్షల 35 వేల కోట్లు అని అంచనా. రాష్ట్రాలే అప్పు తెచ్చుకోవాలని కేంద్రం సూచించింది. తెలంగాణతో సహా అనేక రాష్ట్రాలు ఒప్పుకోలేదు. నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు గారు ప్రధానికి లేఖ రాశారు. అక్టోబరులో కేంద్రం కొంత దిగివచ్చి, 1 లక్షా 10 వేల కోట్లు తానే అప్పు తెచ్చి రాష్ట్రాలకు అందిస్తానంది. నవంబరులో తెలంగాణ ఒప్పుకుంది. ఆ ఏడాదికి మన వాటా 2,380 కోట్లు.

దాన్ని తీర్చేది ఎవరు? రాష్ట్ర ఖజానా కాదు, మళ్లీ అదే సెస్సు. 2022 జూన్‌తో ఆగిపోవలసిన సెస్సును ఈ అప్పులు తీర్చడానికే 2026 మార్చి దాకా పొడిగించారు. అంటే 2022 తర్వాత, 2025 సెప్టెంబరులో జీఎస్టీ రేట్లు మారేదాకా, మనం పెళ్లిళ్లలో తాగిన ప్రతి కూల్ డ్రింకులోనూ కరోనా నాటి అప్పు కొంత కలిసి ఉంది. (మా షుగరు క్లినిక్ వాళ్లు ఈ వాక్యం చూసి తాగకండనే అంటారు.)

మిగిలినదంతా అప్పు తెచ్చుకొనే అనుమతి. మామూలుగా రాష్ట్రం తన మొత్తం ఉత్పత్తి విలువలో 3 శాతం దాకా అప్పు చేయవచ్చు. 2020 మేలో ఆ హద్దును ఆ ఒక్క ఏడాదికి 5 శాతం చేశారు. ఇంట్లో ఆపద వచ్చి పెద్దన్న దగ్గరికి వెళితే, "నా జేబులో లేదు తమ్ముడూ, బయట అప్పు తెచ్చుకో, నేను అడ్డు చెప్పను" అన్నట్టు. పెద్దన్న జేబు కూడా ఆ ఏడాది ఖాళీగానే ఉందన్నది న్యాయంగా చెప్పుకోవాలి. జీఎస్టీ ఒప్పందానికి ఒప్పుకున్నందుకు తెలంగాణకు 5,017 కోట్ల అప్పుకు అనుమతి వచ్చింది. ఇది రాష్ట్రం వడ్డీతో తీర్చవలసిన సొంత అప్పు. పెద్దమ్మ అడిగిన ఇరవై లక్షల కోట్లలోనూ బ్యాంకు రుణాలు, హామీలే ఎక్కువ పాలు.

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు ఇక్కడ ఒక పోలిక గమనించవచ్చు. అక్కడ 2021 మార్చిలో చేసిన చట్టం ప్రకారం రాష్ట్రాలకు, కౌంటీలకు, పట్టణాలకు కలిపి 350 బిలియన్ డాలర్లు కేంద్ర ప్రభుత్వం ఇచ్చింది. తిరిగి కట్టనక్కరలేదు. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఇర్వింగ్, ఎడిసన్ లాంటి పట్టణాలకు కూడా జనాభాను బట్టి వాటా ఉంది. డాలర్లు అచ్చువేసే దేశంతో మనకు పోటీ లేదు, నిజమే. కానీ ఊరికి నేరుగా డబ్బు పంపవచ్చన్న ఆలోచన గమనించదగింది.

ఇంటి పన్ను దాకా వచ్చిన షరతు

ఆ అదనపు అప్పులో కొంత భాగానికి నాలుగు షరతులు పెట్టారు. ఏ ఊళ్లోనైనా రేషన్ తీసుకొనే పద్ధతి, వ్యాపార అనుమతుల సులభీకరణ, కరెంటు పంపిణీలో మార్పులు, పట్టణ పాలనలో మార్పులు. చివరిది మనకు సంబంధించినది. శంషాబాద్ 2018లో పంచాయతీ నుంచి మున్సిపాలిటీ అయింది. 2020 జనవరిలో ఎన్నికలు జరిగాయి. రెండు నెలలకు కరోనా. కొత్త పాలకవర్గం మొదట చూసిన పని వీధుల్లో మందు పిచికారీ.

పట్టణాల షరతు ఏమిటంటే, ఇంటి పన్ను కనీస రేటును ప్రభుత్వం నిర్ణయించిన భూమి విలువతో ముడిపెట్టాలి. నీళ్లకు, మురుగు కాలువలకు కనీస రుసుములు పెట్టాలి. తెలంగాణ ఆ పని పూర్తిచేసిన మూడో రాష్ట్రమైంది. 2021 జనవరిలో దానికి 2,508 కోట్ల అప్పుకు అనుమతి వచ్చింది. పట్టణానికి సొంత ఆదాయం ఉండాలన్న వాదనలో తప్పులేదు. కానీ క్యాబ్ ఈఎంఐ కట్టలేక బండి బ్యాంకుకు అప్పగించిన ఏడాదిలో, రోగానికి ఇచ్చే సాయాన్ని ఇంటి పన్నుకు ముడిపెట్టడం నాకైతే అర్థం కాలేదు. పైగా విమానాశ్రయం వల్ల భూమి విలువ పెరిగిన ఊరు మనది. పెరిగిన విలువ అమ్ముకున్నవాడికే గానీ అందులో కాపురముండేవాడికి చేతికి రాదు.

పాల్మాకుల, ముచ్చింతల్, పెద్ద గోల్కొండ లాంటి గ్రామాలకు పదిహేనో ఆర్థిక సంఘం గ్రాంటు వచ్చేది. 2020-21కి తెలంగాణ గ్రామీణ సంస్థలన్నిటికీ కలిపి 1,847 కోట్లు. అందులో సగం తాగునీటికి, పారిశుధ్యానికే వాడాలి. ఆ కాలంలో ఆ షరతు మంచిదే. చేతులు కడగాలంటే నల్లాలో నీళ్లు రావాలి. అదే సంవత్సరం నుంచి కేంద్ర పన్నుల్లో తెలంగాణ వాటా 2.437 శాతం నుంచి 2.133కి తగ్గింది. ఆ లోటుకు 723 కోట్లు ప్రత్యేకంగా ఇవ్వాలని ఆర్థిక సంఘం సిఫారసు చేసింది గానీ కేంద్రం అంగీకరించలేదు.

వీటితోపాటు ఆసుపత్రుల కోసం 2020 ఏప్రిల్‌లో 15,000 కోట్లు, 2021 జూలైలో రాష్ట్రాల వాటాతో కలిపి 23,123 కోట్లు దేశమంతటికీ కేటాయించారు. జిల్లాల్లో పిల్లల పడకలు, ఆక్సిజన్ ప్లాంట్లు ఆ కాలంలో వచ్చినవే.

కాగితం లేని మరణాలు

నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి చివరకు వచ్చింది.

2020 మార్చిలో కేంద్రం కరోనాను విపత్తుగా గుర్తించింది. దాంతో వరదలకు, తుపానులకు వాడే రాష్ట్ర విపత్తు నిధిని దీనికీ వాడే వీలు కలిగింది. ఆ నిధిలో 75 శాతం కేంద్రానిది, 25 శాతం రాష్ట్రానిది. ఏప్రిల్ మొదట్లోనే తెలంగాణకు 224.50 కోట్లు విడుదలయ్యాయి. అయితే ఆ నిధి నుంచి చనిపోయినవారి కుటుంబానికి డబ్బు ఇవ్వడానికి కేంద్రం మొదట ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టు 2021 జూన్ 30న ఆదేశించాకే 50,000 రూపాయలు నిర్ణయమైంది. అక్టోబరులో కోర్టు దాన్ని ఆమోదించింది. పరీక్షలో పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లోపు చనిపోతే, ఇంట్లో చనిపోయినా సరే, కరోనా మరణంగానే చూడాలన్నారు. మన రాష్ట్రంలో మీసేవలో దరఖాస్తు, జిల్లా కమిటీ పరిశీలన.

2022 జనవరిలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన లెక్క ప్రకారం తెలంగాణలో అధికారికంగా నమోదైన మరణాలు 4,000 లోపే. వచ్చిన దరఖాస్తులు దాదాపు 29,000. అప్పటికి సగానికి పైగా ఆమోదించారు. ఈ రెండు అంకెల మధ్య ఎంతమంది తల్లులు, తండ్రులు ఉన్నారో మీరే ఆలోచించండి.

ఆ చలికాలంలో మా రికార్డు గదికి రోజూ ఎవరో ఒకరు వచ్చేవారు. ఒకామె భర్త కార్గోలో లోడరు. 2021 మేలో పడక దొరక్క మూడు ఆసుపత్రులు తిరిగి, ఇంట్లోనే పోయాడు. పరీక్ష చేయించినప్పుడు ఫలితం మెసేజ్‌గా అతని ఫోనుకు వచ్చింది. కర్మకాండల ఖర్చుకు ఆ ఫోను అమ్మేశారు. ఆమె దగ్గర ఉన్నది సిటీ స్కాన్ ఫిల్ము ఒక్కటే, దాన్ని కిటికీ అద్దం పగిలితే అడ్డు పెట్టారు. మా దగ్గర ఆయన ఒక్కరోజు ఎమర్జెన్సీలో ఆక్సిజన్ మీద ఉన్నట్టు కేస్ షీట్ దొరికింది. పేరులో ఒక అక్షరం తేడా. డాక్టరు గారు సరిచేసి సంతకం పెట్టారు. ఆ కాగితం, ఆ ఫిల్ము పట్టుకొని ఆమె కలెక్టరేటుకు నాలుగుసార్లు వెళ్లింది. ఆరో నెలలో డబ్బు పడింది. కూతురి ఇంటర్ ఫీజు కట్టానని వచ్చి చెప్పింది. పక్కింటి వాళ్లకూ అలాంటి చావే, కానీ ఒక్క కాగితమూ లేదు. వాళ్లకు రాలేదు.

ఆ దరఖాస్తుల గడువు ఎప్పుడో ముగిసింది. అయితే మరణ ధ్రువపత్రం, బీమా, పింఛను, పిల్లల స్కాలర్‌షిప్ పనులకు ఆనాటి కాగితాలు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఓపీ చీటీ మీద ఉందో లేదో రాయించుకునేటప్పుడే చూసుకోండి. రిపోర్టు ఫోనులో ఉంటే ఒక ప్రింటు తీసి ఇంట్లో పెట్టండి. 2020, 2021లో మా దగ్గర చికిత్స పొందినవారి కేస్ షీట్ నకలు కావాలంటే చేరిన నెల, వచ్చిన ఊరు చెప్పండి, వెతికి ఇస్తాము. రికార్డు గది మందుల కౌంటరు వెనక వరండాలో, ఎడమవైపు రెండో తలుపు.